లింఫోమా చికిత్సలో నాకు తోడు నిలిచిన వారికి కృతజ్ఞతలు

గాజువాకలో మా వీధి వారికి, మా పాఠశాలలోని తోటి ఉపాధ్యాయులకు, పూర్వ విద్యార్థులకు, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి సిబ్బందికి నమస్కారాలు. లింఫోమాకు, అంటే లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలలో పుట్టే క్యాన్సర్‌కు, నా చికిత్స పూర్తయిందనీ, చివరి పెట్ స్కాన్‌లో (ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో చూసే పరీక్షలో) వ్యాధి ఆనవాళ్లు కనిపించలేదనీ మీలో చాలామందికి ఇప్పటికే తెలుసు. ఎదురుపడిన ప్రతిసారీ కృతజ్ఞత చెప్పాలనుకుంటాను గానీ మాట పెగలదు. అందుకే ఎవరి సాయం నాకు ఏ విధంగా అక్కరకు వచ్చిందో రాసి చెబుతున్నాను. ఇదే చికిత్స మొదలుకాబోతున్న ఇంట్లో ఎవరైనా ఇది చదివితే, ఇరుగుపొరుగు వారిని ఏం అడగవచ్చో వారికి తెలుస్తుందన్న ఆశ కూడా ఉంది.

నాకు వచ్చిన జబ్బు పేరు డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా. నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాలనే పెద్ద వర్గంలో ఎక్కువమందికి వచ్చేది ఈ రకమే. ఇది వేగంగా పెరుగుతుంది. మెడ పక్కన నొప్పి లేని గడ్డ, రాత్రిళ్లు పక్క తడిసిపోయేంత చెమట, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, ఇవీ నాలో కనిపించిన లక్షణాలు. బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఫలితం వచ్చిన రోజు డాక్టరుగారు మా దంపతులిద్దరినీ కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి, ఇంత వేగంగా పెరిగే కణాల మీద కీమో మందులు బాగా పనిచేస్తాయనీ, పూర్తిగా నయం చేయాలన్న లక్ష్యంతోనే చికిత్స చేస్తామనీ, అయితే దుష్ఫలితాలను తట్టుకోవడానికి ఇంటిల్లిపాదీ సిద్ధపడాలనీ తెలుగులో, ఏ తొందరా లేకుండా చెప్పారు. బయట వరండా నిండా రోగులు ఎదురుచూస్తున్నా మాకు అంత సమయం ఇచ్చినందుకు ఆయనకు నా మొదటి నమస్కారం.

ఆర్-చాప్ అనే ఈ చికిత్సలో ఐదు మందులుంటాయి. సాధారణంగా 21 రోజులకొకసారి చొప్పున ఆరు సైకిళ్లు, అంటే ఆరు విడతలు, ఇస్తారు. వాటిలో రిటుక్సిమాబ్‌ను మొదటిసారి చాలా నెమ్మదిగా ఎక్కిస్తారు, ఎందుకంటే చలి, వణుకు, జ్వరం రావచ్చు. నాకు వణుకు మొదలైన క్షణంలోనే సిస్టర్ డ్రిప్ ఆపి, దుప్పటి కప్పి, ఇంజెక్షన్ ఇచ్చి, తగ్గాక మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టారు. రిటుక్సిమాబ్‌కు మన దేశంలో తొలి బయోసిమిలర్‌ను (అసలు మందుకు సాటిగా పనిచేసేలా మరో సంస్థ తయారుచేసే మందును) 2007లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ తెచ్చింది. మా వంటి మధ్యతరగతి కుటుంబాలకు ఇటువంటి మందు ఎంతో కొంత అందుబాటులోకి రావడానికి కారణమైన శాస్త్రవేత్తలను నేను ఎన్నడూ చూడలేదు, అయినా వారికీ రుణపడి ఉన్నాను.

ఆ ఐదింటిలో మరొకటైన డాక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది, వార్డులో అందరూ దానిని ఎర్రమందు అనే అంటారు. అది నరం దాటి బయటికి కారితే చుట్టూ ఉన్న కండను కూడా పాడుచేస్తుంది. అందుకే అది ఎక్కినంతసేపూ సిస్టర్ నా చెయ్యి వదలకుండా పక్కనే ఉండి, మంట పుడుతోందా అని మళ్లీ మళ్లీ అడిగేవారు. తరువాత మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని భయపడవద్దనీ, ఇంకో మందు విన్‌క్రిస్టిన్ వల్ల మలబద్ధకం వస్తుంది కనుక సిగ్గుపడకుండా ముందే చెప్పాలనీ ఆవిడే నేర్పారు. ఆ విన్‌క్రిస్టిన్ మా ఇంటి గేటు పక్కన పూసే బిళ్ళగన్నేరు జాతి మొక్క నుంచి వచ్చినదని తెలిసి ఆశ్చర్యపోయాను. అయితే ఆ ఆకులు నూరుకుని తాగమని ప్రేమతో సలహా ఇచ్చిన వారికి మాత్రం ఒక మాట మనవి చేయాలి: శుద్ధి చేసి, కొలిచి నరంలోకి ఎక్కించే మందు వేరు, పచ్చి ఆకు రసం వేరు. ఆ రసం విషం కావచ్చు. దయచేసి ఎవరికీ ఆ సలహా ఇవ్వకండి.

ఇంట్లో గడిచిన రోజుల గురించి చెప్పాలంటే ముందుగా మా అపార్ట్‌మెంటు వారిని తలుచుకోవాలి. కీమో తరువాతి వారమంతా తాలింపు వాసన తగిలితే చాలు, నాకు కడుపులో తిప్పేది. ఈ సంగతి ఎవరి ద్వారా తెలిసిందో గానీ, పక్కింటి వదినగారు, కింది అంతస్తు పిన్నిగారు నా గది వైపు ఉన్న వంటింటి కిటికీలు మూసేసి వంట చేసుకున్నారు. విశాఖ ఎండాకాలపు ఉక్కపోతలో కిటికీ మూసి పొయ్యి ముందు నిలబడడమంటే ఏమిటో ఇక్కడ పుట్టి పెరిగిన వారికి నేను వివరించనక్కరలేదు. నోరంతా పూసి మంచినీళ్లు కూడా మింగలేకపోయిన రోజుల్లో కారం, పులుపు లేని పలుచటి చోడి (రాగి) అంబలి చల్లార్చి పంపినది కూడా ఆ పిన్నిగారే. జబ్బులు సోకకుండా కాపాడే తెల్లకణాలు తక్కువగా ఉన్నప్పుడు పచ్చిగా తినేవి, బయట కోసి అమ్మే పండ్లు వద్దన్నారని విని, పచ్చళ్లు మానేసి అన్నీ బాగా ఉడికించినవే పంపేవారు. ఆసుపత్రిలో చెప్పినట్టు ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు పుక్కిలించమని మా అత్తగారు గంట చూసుకుని మరీ గుర్తుచేసేవారు. జుట్టు ఊడిపోయిన రోజున ఆవిడ నా తల నిమిరి, "సింహాద్రి అప్పన్నకు ఇచ్చామనుకో అమ్మా" అన్నారు. ఆ మాటతో నా బెంగ చాలావరకు తీరింది.

అన్నిటికంటే పెద్ద సాయం మాత్రం ఒక రాత్రి అందింది. కీమో తీసుకున్న తరువాత సుమారు ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదనీ, పారాసిటమాల్ వేసి చూద్దామనుకోకూడదనీ ఆసుపత్రి వారు కార్డు మీద రాసి ఇచ్చారు. తెల్లకణాలు పెరగడానికిచ్చే ఇంజెక్షన్‌ను మా వీధి నర్సుగారు ప్రతి సైకిల్‌కూ ఇంటికి వచ్చి వేస్తూనే ఉన్నారు. అయినా ఒకసారి అర్ధరాత్రి దాటాక జ్వరం వచ్చింది. మావారు ఊళ్లో లేరు. వీధి చివర ఉండే ఆటో తమ్ముడు తలుపు తట్టగానే లేచి, కూర్మన్నపాలెం మీదుగా నన్ను, అత్తగారిని ఆసుపత్రికి చేర్చి, నన్ను లోపలికి తీసుకెళ్లేదాకా అక్కడే ఉండి, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఎమర్జెన్సీలో ఉన్న యువ డాక్టరు కార్డు చూడగానే రక్తం తీయించి, రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టించారు. నేను ఈ రోజు ఇది రాయగలుగుతున్నానంటే అందులో ఆ ఇద్దరి వంతు ఎంతో ఉంది.

హిమోగ్లోబిన్ తగ్గినప్పుడు రక్తం ఇచ్చిన పూర్వ విద్యార్థులకు నా ఆశీస్సులు. ఒకప్పుడు నా తరగతిలో చివరి బెంచీలో కూర్చున్న పిల్లలు ఇప్పుడు ఉక్కు కర్మాగారంలో షిఫ్టు దిగి, తిండి కూడా తినకుండా రాబోతే, ముందు భోజనం చేసి రమ్మని నేను ఫోనులో కోప్పడ్డాను. మగవారు మూడు నెలలకొకసారి, ఆడవారు నాలుగు నెలలకొకసారి రక్తం ఇవ్వవచ్చు. ఆ పిల్లలు నా అవసరం తీరాక కూడా ఆ అలవాటు కొనసాగిస్తున్నారని విని మనసు నిండిపోయింది.

విన్‌క్రిస్టిన్ ప్రభావంతో నా వేలి కొసలు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. చాక్‌పీసు పట్టుకుంటే జారిపోతుంది, చెప్పు కాలినుంచి ఊడినా తెలియదు. ఇది నెలల తరబడి నెమ్మదిగా తగ్గవచ్చునంటున్నారు. ఈ ఇబ్బంది గమనించి ప్రధానోపాధ్యాయులు నాకు కింది అంతస్తులో తరగతులు కేటాయించారు. నల్లబల్ల మీద రాసే పని పిల్లలే వంతులవారీగా చేస్తున్నారు. ప్రతి సైకిల్‌లో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వేసుకునే ఐదు రోజులూ నిద్ర పట్టక ఇల్లంతా తిరుగుతుంటే, రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను ఎత్తి పాఠాల గురించి, పిల్లల గురించి మాట్లాడిన సైన్సు టీచరుగారికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలను?

మావారికి బహిరంగంగా ధన్యవాదాలు చెబితే ఆయన ఇబ్బందిపడతారు, అందుకే ఇంతటితో ఆపుతున్నాను.

ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే అంటారు కాబట్టి పరీక్షలకు క్రమం తప్పకుండా వెళుతున్నాను. మన గాజువాక, కూర్మన్నపాలెం ప్రాంతంలో మొదటి కీమోకు ఒంటరిగా వెళ్లవలసి వస్తున్నవారు ఎవరైనా ఉంటే మా పాఠశాలలో ఒక మాట చెప్పండి. సెలవు రోజైతే నేనే వచ్చి పక్కన కూర్చుంటాను. పనిదినమైతే మా అత్తగారు వస్తానన్నారు, అంబలి కూడా తెస్తారట.