నువ్వు కాపీ అన్న ఆ బండి

హనుమకొండ,
ఆదివారం రాత్రి

శీనూ,

దసరాకు వచ్చినప్పుడు యూనివర్సిటీ రోడ్డులో కేఎఫ్‌సీ బోర్డులాంటి ఆ ఎర్ర బోర్డు చికెన్ బండి చూసి "కాపీ కొట్టడం తప్ప మనకేం రాదురా" అన్నావు. నీ రైలుకు టైమైందని అప్పుడు ఊరుకున్నాను కానీ, ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

ఆ బండి మా సందులో పిల్లాడిది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఫ్రైడ్ చికెన్ షాపులో రెండేళ్లు పనిచేసి వచ్చాడు. ముక్కను పిండిలో దొర్లించి, చల్లటి నీళ్లలో ముంచి, మళ్లీ పిండిలో దొర్లిస్తే పైన పొరలు పొరలుగా లేస్తుంది. ఆ కిటుకు వరకు అక్కడిదే, నిజమే. కానీ కేఎఫ్‌సీ వాళ్లది ప్రెషర్‌లో వేయించే పద్ధతి. దాన్ని పెట్టిన కల్నల్ శాండర్స్ 1939లోనే ప్రెషర్ కుక్కర్‌తో అది మొదలుపెట్టాడు. పెద్ద ముక్కైనా లోపలిదాకా తొందరగా ఉడుకుతుంది. మనవాడిది మూత లేని కడాయి. మొదటి వారం ఎముక దగ్గర ఎర్రగా ఉందని ఇద్దరు స్టూడెంట్లు ప్లేట్లు వెనక్కిచ్చారట. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదని వాళ్లమ్మ చెప్పింది. తర్వాత ముక్కలు చిన్నవి చేశాడు, ఎముకదాకా గాట్లు పెట్టాడు, మంట తగ్గించాడు. ఇదెవరూ నేర్పలేదురా వాడికి.

రంగు సంగతి విను. రంగుపొడి వేయడు. వరంగల్ ఏనుమాముల మార్కెట్ నుంచి చపాటా మిర్చి తెచ్చి పట్టిస్తాడు. దాని రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో, ఈ ప్రాంతపు పంట అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది చూడు, అదే మిర్చి.

అసలు కాపీ ఎవరు కొట్టలేదు? మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో మొదటి షాపు తెరిచినప్పుడు బీఫ్, పోర్క్ రెండూ పక్కన పెట్టింది. తర్వాత బండ్ల మీద అమ్మే ఆలూ టిక్కీనే బన్నులో పెట్టి అమ్మింది. అప్పుడు దాన్ని తెలివి అన్నాం.

అలాగని వాడిదంతా బాగుందని అనను. ఆ బోర్డు నాకూ నచ్చదు. అవే రంగులు, రెండక్షరాలు మార్చిన పేరు. తన పేరే పెట్టుకోమని పదిసార్లు చెప్పాను. "కొత్త పేరైతే ఎవరూ ఆగరన్నా" అంటాడు. 2024 అక్టోబర్‌లో పచ్చి గుడ్డు మయోనైజ్‌ను మన తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించినప్పుడు మాత్రం భయపడిపోయాడు, వెంటనే గుడ్డు లేని ప్యాకెట్‌కు మారాడు.

నాకు అసలు టెన్షన్ నూనెతోనే. వేయించిన నూనెలో, అది పాడయ్యేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి రూల్ ఉంది. పెద్ద షాపులకు అది కొలిచే మీటరు కొనడం కష్టం కాదు. వీడు రంగు చూసి, వాసన చూసి పారబోస్తాడు. ఒక్కోరోజు అమ్మకం తక్కువైతే పారబోయడానికి చేయి రాదు. అది కళ్లారా చూశాను, గట్టిగానే కోప్పడ్డాను. హాస్టల్ పిల్లలు రోజూ తినేది అక్కడేరా.

నువ్వు పుణెలో ల్యాబ్ సామాన్ల వ్యాపారంలోనే ఉన్నావుగా. ఆ నూనె మీటరు సెకండ్ హ్యాండ్‌లో ఎంతకొస్తుందో కనుక్కో. సగం నేను పెడతాను, మిగతా సగం వాడు నెలనెలా ఇస్తానన్నాడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు నీతోపాటు తెస్తే ఇంకా మంచిది.

నీ
రమేశ్