పాత వరద ఫొటోకు తేదీ వేయలేరా?

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ ఆన్‌లైన్ విభాగం 'షాకింగ్.. సోమశిల గేట్లు ఎత్తేశారు! నెల్లూరుకు ఏం జరగబోతోంది?' అని ఒక వార్త వదిలింది. దాని కింద మా కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర కోతపడిన రైలు కట్ట ఫొటో. అది 2021 నవంబరు వరదప్పటిది. ఆ సంగతి కోవూరు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయికి ఎలా తెలుస్తుంది? రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఒకటే ఏడుపు, 'నాన్నా, సామాన్లు మేడ మీదికి చేర్చారా?' అని. ఆ పూట మాకు చినుకు కూడా లేదు.

నిద్ర ఎలాగూ పోయింది కదాని, నాలుగు ప్రకటనలు దాటుకుంటూ వార్త మొత్తం చదివాను. ఎన్ని గేట్లు ఎత్తారు, ఎన్ని క్యూసెక్కులు వదిలారు, ఎన్ని గంటలకు? ఏదీ లేదు. పెన్నా మీద 78 టీఎంసీలు పట్టే ఆ సోమశిల డ్యాంలో ఆ రోజు నీరెంత ఉందో లేదు. దిగువన సంగంలో, నెల్లూరులో 2022లో ప్రారంభించిన బ్యారేజీల ఊసే లేదు. తెల్లారి పేపర్ తీస్తే జిల్లా పేజీలో అదే వార్త అరచేయంత ఉంది, అంకెలన్నీ ఉన్నాయి! అంటే మీ విలేకరి లెక్కలు పంపాడన్న మాటే. ఫోన్‌లో చదివేవాడికి అవి ఎందుకు అక్కర్లేదనుకున్నారు? పేపర్లో జాగా లేదంటే ఒప్పుకుంటాం. ఫోన్‌లో జాగాకేం కరువు?

విలేకరులకు వీడియో తీయడం, లైవ్ ఇవ్వడం నేర్పిస్తున్నారట. మంచిదే. పాత విద్య మరిచిపొమ్మన్నదెవరు? ఆరింటికి ఉన్న ప్రవాహం పదింటికి ఉండదు. వార్త ఎన్నింటికి పెట్టారో, ఎన్నింటికి మార్చారో పైనే రాయండి. పాత ఫొటో వాడితే ఏ ఏడాదిదో దాని మీదే వేయండి. నేను మెయిల్ పెట్టిన మర్నాడు ఆ ఫొటో చడీచప్పుడు లేకుండా మాయమైంది. పేపర్లో అయితే ఓ మూలన 'సవరణ' అనైనా వేసేవారు. వాట్సాప్‌లో మాత్రం స్క్రీన్‌షాట్ ఇంకా తిరుగుతోంది. నిన్న మా పాలబ్బాయి నాకే చూపించి జాగ్రత్తలు చెప్పాడు.

తప్పంతా మీదే అనను. ఆ రాత్రే లెక్క కనుక్కుందామని ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే మూడుసార్లు ఎంగేజ్. నాలుగోసారి 'మీరు ప్రెస్సా?' అన్నారు. కాదన్నాను. పెట్టేశారు. ఏ గంటకు ఎంత నీరు వదిలారో జనానికి చెప్పడానికి మాత్రం తీరిక ఉండదు, సమీక్షా సమావేశాల ఫొటోలు రోజూ వస్తాయి, శాలువాలతో సహా.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగిన కబురు, సెల్‌ఫోన్లు లేని రోజుల్లోనే ఊరూరికీ చేరింది. విలేకరులు పల్లెలకు వెళ్లి, ఎవరు ఏమన్నారో అడిగి రాశారు గనకే. 'జమీన్ రైతు' లాంటి పత్రిక పుట్టిన నెల్లూరు ఇది. ఇక్కడి పాఠకుడి మొహాన 'ఏం జరగబోతోంది?' అని ప్రశ్న వేసి వెళ్లిపోతే ఎలాగండీ? అది తెలుసుకుందామనే కదా మేం మీ వార్త తెరిచింది!

ఈ ఉత్తరం ఆన్‌లైన్‌లో వేస్తే, దయచేసి దీని పక్కన కూడా ఆ పడుగుపాడు ఫొటోనే పెట్టకండి.

- ఒక రిటైర్డ్ టీచరు, కోవూరు, నెల్లూరు జిల్లా