భీమిలి ఇవతల, ఆ శనివారం రాత్రి మాకోసం లేచినవాళ్ళకి

రెండ్రోజులుగా ఫోన్లు చేస్తున్న అందరికీ ఒకేసారి చెప్తున్నాను. ఐదుగురం క్షేమంగానే ఉన్నాం. అరచేతుల్లో బొబ్బలు ఇంకా పచ్చిగా ఉన్నాయి, అందుకని ఇదంతా ఫోన్‌కి నోటితో చెప్పి రాయిస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి. నిద్ర కూడా సరిగ్గా లేదు, కళ్ళు మూసుకుంటే మంచం ఊగుతోంది.

సంక్రాంతి వెళ్ళిన శనివారం పొద్దున్నే విశాఖ ఋషికొండ నుంచి మూడు కయాక్‌లలో, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవల్లో, బయల్దేరాం. రెండు డబుల్, ఒకటి సింగిల్. మంగమారిపేట రాతి తోరణం దగ్గర ఆగి పులిహోర తిన్నాం. ఎర్రమట్టి దిబ్బల్ని ఎడమ పక్కన చూసుకుంటూ సాయంత్రానికి భీమిలి ఇవతల ఒక చిన్న పల్లె పక్కన ఇసుకలో టెంట్లు వేశాం. అంతవరకూ బ్రహ్మాండంగా ఉంది.

మర్నాడు చొల్లంగి అమావాస్య. అమావాస్య పోటు ఎంత పైకి వస్తుందో మేం లెక్క వేసుకోలేదు. తడి ఇసుక దాటించి పెట్టాం కదా, చాలనుకున్నాం. రాత్రి తొమ్మిదిన్నరకి మంట దగ్గర కబుర్లలో ఉండగా చూస్తే సింగిల్ కయాక్ నీళ్ళ మీద ఉంది. నేనూ నా స్నేహితురాలూ ఏమీ ఆలోచించకుండా ఒక డబుల్‌ని తోసుకుని దాని వెంట పడ్డాం. ఇద్దరికీ కలిపి ఒకటే లైఫ్ జాకెట్. తిట్టేవాళ్ళు ఇక్కడ ఆగి తిట్టేసి తర్వాత చదవండి.

రాత్రిపూట కొండగాలి ఒడ్డు నుంచి లోపలికి తోస్తుంది. చప్పుడుండదు, పెద్ద అలుండదు, సముద్రం చెరువులా కనిపిస్తుంది. ఖాళీ కయాక్ మాకన్నా తేలిక కాబట్టి మాకన్నా వేగంగా పోయింది. వెనక్కి చూసేసరికి మా మంట అగ్గిపుల్లంత అయింది. కంగారుగా తిరగబోయి బోల్తా పడ్డాం. మళ్ళీ ఎక్కాం గానీ ఒక తెడ్డు పోయింది. పగలంతా తెడ్డు వేసిన చేతులు, తనకేమో వాంతులు.

మెడలో వాటర్‌ప్రూఫ్ కవర్లో ఫోన్ ఉంది, సిగ్నల్ కూడా ఉంది. ఒక ఎమర్జెన్సీ నంబర్‌కి చేశాను. "మీరున్నది ఏ స్టేషన్ పరిధమ్మా?" అని అడిగారు. సముద్రంలో ఉన్నామన్నాను. "దగ్గర్లో ల్యాండ్‌మార్క్ చెప్పండి." భీమిలి లైట్‌హౌస్ కనిపిస్తోందని చెప్పాను. అయితే ఇది మాది కాదు, వేరేవాళ్ళకి కలుపుతామన్నారు. కలపలేదు. సముద్రంలో ప్రమాదానికి కోస్ట్ గార్డ్ నంబర్ 1554 ఉందని నాకు తెలిసింది ఆదివారం మధ్యాహ్నం! బయల్దేరే ముందు రోజు ఎవరికైనా చెప్పి వెళ్దామని ఒక ఆఫీసుకి వెళ్తే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడేమో "అలాంటి పర్మిషన్లు మా దగ్గర ఉండవు, రిస్క్ మీదే" అన్నారు. అంతా అయిపోయాక ఆదివారం పొద్దున ఒకాయన వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "పర్మిషన్ ఎవరిచ్చారు?" సరే, వదిలేద్దాం. మళ్ళీ బీపీ పెరుగుతుంది.

ఒడ్డున మిగిలిన మా ముగ్గురి అరుపులు విని మొదట వచ్చింది ఒక పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి. నోట్లో అడ్డపొగ, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట. ఆవిడ మాట్లాడినప్పుడల్లా నోటి లోపల ఎర్రగా వెలిగేదని మావాళ్ళు చెప్పారు. "ఏటైందమ్మా?" అని అడిగి, సగం వినగానే పల్లెలోకి పరుగెత్తి, అప్పుడే పడుకున్న భర్తనీ, పక్కింటి ఇద్దరు కుర్రాళ్ళనీ లేపుకొచ్చిందట. ఆ తాతగారు మావాళ్ళు చూపించిన ఫోన్ మ్యాప్ వైపు కూడా చూడలేదట. మా మంట పొగ ఎటు వాలుతోందో చూసి, "ఇలాగెళ్ళుంటారు" అని బోటు ఎక్కారు. దాదాపు రెండు గంటల తర్వాత ఇంజన్ చప్పుడు మా వైపు వచ్చింది. ఫోన్ టార్చ్ వేసి ఊపాను. ఆ ముగ్గురూ మమ్మల్ని చేతులు పట్టి లాగి, వలల మీద కూర్చోబెట్టి, ఒక్క మాట కూడా అనలేదు. ప్రాణం పోసింది వాళ్ళే, ఆ రుణం ఎలా తీరుతుందో నాకు తెలీదు. కానీ నన్ను ఏడిపించింది మాత్రం ఆ పెద్దావిడే.

ఇంటికి తీసుకెళ్ళింది. నాకు తన చీర ఇచ్చింది. నా జుట్టులో ఇసుకని తువ్వాలుతో విదిలించి, కూర్చోబెట్టి తుడిచింది. ఆ వేళప్పుడు మళ్ళీ పొయ్యి వెలిగించి అన్నం పడేసింది. నా నడుముకున్న పర్సులోంచి తడి ముద్దలా వచ్చిన ఐదొందల నోట్లు ఏడు చాప మీద పెడితే, "అలాగుంచితే చిరిగిపోతాయి" అని ఒక్కొక్కటీ విడదీసింది. గంజి వార్చి దించిన సత్తు గిన్నె చుట్టూ ఆ నోట్లని అరచేత్తో అద్ది అంటించింది. ఉప్పునీళ్ళకి పగుళ్ళు పడ్డ చేతులవి. నోటు ఆరగానే దానంతటదే అంచు లేచి కిందకి రాలేది. రాలినదాన్ని తీసి మోకాలి మీద సాపు చేసేది. నేను చలికి వణుకుతూ అదే చూస్తూ కూర్చున్నాను. మొత్తం ఆరాక నా చేతిలో పెట్టి, "ఏడూ ఉన్నాయి, లెక్కెట్టుకో" అంది.

వేడన్నం, నెత్తళ్ళ ఇగురు. ముద్ద దిగలేదు. "ముందు తినమ్మా, ఏడుపు ఎక్కడికి పోద్ది?" అంది. తిన్నాను. అప్పుడడిగింది, మీ అమ్మకి ఫోన్ చేశావా అని. లేదు, తిడుతుందన్నాను.

"తిట్టనీ. తిట్టించుకోడానికి నువ్వున్నావు గదా."

అక్కడ పోయింది నా గొంతు. ఇప్పుడు ఇది చెప్తుంటే కూడా ఫోన్ నా మాటల్ని సరిగ్గా అందుకోవడం లేదు.

పొద్దున ఆ ఏడు నోట్లూ ఇవ్వబోతే గుప్పిట మూసేసింది. పెట్రోల్‌కైనా తీసుకోమంటే తల తిప్పుకుంది. కాసేపాగి, కొంచెం సిగ్గుపడుతూ, మా తలకి కట్టుకునే ఆ లైటు ఇస్తారా, ఆయనకి బోటులో పనికొస్తుంది అని అడిగింది. మా దగ్గరున్న నాలుగూ ఇచ్చేశాం. ఇవతలికి వచ్చాక పక్కింటి కుర్రాడు చెప్తే తెలిసింది, రాత్రి మాకోసం తిరగడం వల్ల ఆదివారం వాళ్ళు వేటకి వెళ్ళలేదు, ఆవిడ భీమిలికి చేపల గంప ఎత్తలేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఎలాగూ వేట నిషేధం. మిగిలిన రోజుల్లోనే సంపాదించుకోవాలి, అందులో ఒక రోజుని మేం తినేశాం. పేరు గానీ ఫొటో గానీ పెట్టొద్దని ఆవిడ గట్టిగా చెప్పింది, అందుకే పల్లె పేరు కూడా రాయడం లేదు. దయచేసి ఎవరూ అడగొద్దు.

అర్ధరాత్రి కారేసుకుని వచ్చిన మా ఆయనకీ, పాపని చూసుకున్న అమ్మకీ థాంక్స్. అమ్మ తిట్టింది, బాగా తిట్టింది.

పోస్ట్ పెట్టేద్దామనుకుంటుంటే ఒక్కొక్కరూ గుర్తొస్తున్నారు. నా స్నేహితురాలి అరికాలు గుల్ల కోసుకుంటే ఆదివారం పొద్దునే కట్టు కట్టి టీటీ ఇంజక్షన్ వేసిన భీమిలి నర్సు గారికి. తడి టెంట్లతో మావాళ్ళు 900కె బస్సు ఎక్కితే విసుక్కోకుండా సామాన్లకి చోటు చూపించిన కండక్టర్‌కి. బీచ్ రోడ్డులో మా వాలకం చూసి టీ డబ్బులు తీసుకోని బడ్డీకొట్టు అన్నకి. అయ్యో, ఒడ్డున మంట ఆరిపోకుండా పల్లెలోంచి కొబ్బరి మట్టలు మోసుకొచ్చిన పిల్లలకి కూడా! ఆ మంట వల్లే ఒడ్డు ఎటుందో మాకు తెలిసింది. వాళ్ళని అసలు ఎలా మర్చిపోయానో. కయాక్‌లు అద్దెకిచ్చిన కుర్రాడు డబ్బు సంగతి తర్వాత చూద్దామన్నాడు, తనకి కూడా.

చీర ఉతికి ఆరేశాను. చుట్ట వాసన ఇంకా పోలేదు. వచ్చే ఆదివారం తిరిగి ఇవ్వడానికి వెళ్తున్నాను.

ఆ సింగిల్ కయాక్ మాత్రం దొరకలేదు. పసుపు రంగు, ముందు భాగంలో నల్ల పట్టీ ఉంటుంది. చింతపల్లి తీరం వైపు గానీ ఇంకెక్కడైనా గానీ ఎవరి వలకైనా తగిలితే, కొట్టుకొచ్చి కనిపిస్తే, కింద ఒక మాట రాయండి. మేమే వచ్చి తీసుకెళ్తాం.