శ్రావణికి, ఆ మాత్రల సంగతి

నల్లకుంట, హైదరాబాదు.

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి, మీ అమ్మ మోకాలు మెట్ల దగ్గర మాత్రమే పేచీ పెడుతోంది, మన కరివేపాకు చెట్టును పక్కింటివారు అడిగి కొంత, అడగకుండా కొంత కోసుకుపోతున్నారు. ఫోను చేస్తే “బాగున్నాను నాన్నా, మీటింగులో ఉన్నాను” అన్న మాటలు తప్ప నీ నుంచి మరేమీ రావడం లేదు కాబట్టి, మధ్యలో కట్ చేయడానికి వీలులేని ఉత్తరం వ్రాస్తున్నాను. ప్రత్యేకించి విషయమేమీ లేదు.

మొన్న స్వాతి వచ్చి వెళ్లింది. సికింద్రాబాదు కార్ఖానా పేటలో జరిగిన పెళ్లిలో నిన్ను చూశాననీ, ఆకుపచ్చ చీర నీకు బాగా నప్పిందనీ చెప్పింది. మాటల మధ్యలో, నువ్వు పప్పన్నం రెండు ముద్దలు తిని విస్తరి ముందు నుంచి లేచిపోయావనీ, చేతిసంచిలోంచి తీసిన మాత్రల స్ట్రిప్పు సగానికి పైగా ఖాళీగా ఉందనీ, ఏమిటని అడిగితే “గ్యాస్, అంతే” అన్నావనీ కూడా చెప్పింది. ఆ పిల్లను కోప్పడకు, గుచ్చిగుచ్చి అడిగినది నేనే. అక్కడితో ఆ సంగతి వదిలేశాను. బోనాల నాడు నువ్వు వస్తావని మీ అమ్మ చేసిన పులిహోర రెండు పూటలూ నేనే తినవలసి వచ్చింది, అది వేరే కథ.

నేను ప్రభుత్వ ఆసుపత్రి మందుల కౌంటరు వెనుక నిలబడి ఉద్యోగం చేసినవాడినని నీకు కొత్తగా చెప్పనక్కరలేదు. గ్యాస్ అని చెప్పుకుంటూ ఆ కిటికీ ముందుకు వచ్చినవారిలో, ఆమ్లం గొంతులోకి ఎగదన్నేవారు ఉండేవారు, కడుపులో పుండు ఉన్నవారు ఉండేవారు, అసలు కడుపుతో సంబంధమే లేనివారూ ఉండేవారు. మన శకుంతల అత్తయ్య వేపుళ్లు తిన్న రాత్రల్లా కుడివైపు డొక్క కింద పట్టేసి, నొప్పి కుడి భుజం వెనక్కి పాకుతోందని ఎంత చెప్పినా, ఇంట్లో అందరూ వాము నమిలించారు. చివరికి అల్ట్రాసౌండులో పిత్తాశయం నిండా రాళ్లు కనిపించాయి. గుండెపోటు సైతం కొందరిలో పొట్ట పైభాగంలో మంటగా, వికారంగా మొదలవుతుంది. అందుకే స్వాతి ఆ మాట చెప్పినప్పుడు నాకు తోచిన మొదటి ప్రశ్న, గ్యాస్ అన్న పేరు నీ బాధకు ఎవరు పెట్టారు అని. డాక్టరా, లేక మీ కొండాపూర్ ఫ్లాటు కింద ఉన్న మందుల దుకాణంలోని కుర్రాడా?

ఒకవేళ డాక్టరే గ్యాస్ట్రైటిస్ అని చెప్పి ఉంటే, అది ఏమిటో తెలుసుకో. కడుపు తన గోడలను తాను తయారుచేసే ఆమ్లం నుంచి కాపాడుకోవడానికి జిగురు పొరను, క్షారాన్ని ఊరిస్తుంది. ఆ రక్షణ దెబ్బతిని లోపలి పొర వాచినప్పుడు దానిని గ్యాస్ట్రైటిస్ అంటారు. ఆ వాపు ఉందా లేదా అన్నది కచ్చితంగా తేలేది నోటి గుండా గొట్టం పంపి కడుపు లోపల చూసే ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడే. పైకి ఎర్రగా కనిపించిన పొర ముక్క పరీక్షలో మామూలుగా తేలవచ్చు, నున్నగా కనిపించినదానిలో వాపు ఉండవచ్చు. విపరీతమైన మంట ఉన్న మనిషికి అన్ని పరీక్షలూ సవ్యంగా రావడమూ సాధారణమే. దానికి ఫంక్షనల్ డిస్పెప్సియా అని పేరుంది, అది కూడా నిజమైన బాధే, దానికీ చికిత్స ఉంది. కాబట్టి రిపోర్టు బాగుంటే నన్ను పిచ్చిదాన్ని అనుకుంటారేమో అన్న జంకు నీకు అక్కరలేదు.

వాపుకు కారణాలు ప్రధానంగా రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి, రెండవది నొప్పి మాత్రలు. మద్యం కూడా కారణమే, ఆ విషయం నీకు వర్తించదనే అనుకుంటాను, వర్తిస్తే డాక్టరు దగ్గరైనా దాచవద్దు. అరుదుగా శరీరంలోని రక్షణ వ్యవస్థే కడుపు కణాల మీద దాడిచేసే రకం ఒకటి ఉంటుంది, అందులో విటమిన్ బి12 తగ్గిపోతుంది. ఇక మన ఇళ్లలో మొదటి ముద్దాయి అయిన ఎండుమిరపకాయ మంటను పెంచగలదే గాని, ఈ వాపును పుట్టించదు. మీ అమ్మ ఆవకాయ జాడీని అటక ఎక్కించాలని చూస్తోంది. నేను అడ్డుపడ్డాను.

ఆ సూక్ష్మజీవి కథ నాకు ఇష్టమైనది. కడుపులో అంతటి ఆమ్లంలో ఏ జీవీ బ్రతకదని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు దానిని పెంచాలని ప్రయత్నిస్తూ, రెండు రోజుల్లో ఏమీ మొలవని పళ్లేలను పారవేస్తూ వచ్చారు. 1982లో ఈస్టరు సెలవుల వల్ల కొన్ని పళ్లేలు అలాగే ఉండిపోయి, అందులో అది పెరిగింది. లోకం నమ్మలేదని 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులు కలిపిన ద్రవాన్ని స్వయంగా త్రాగి, రోజుల్లోనే గ్యాస్ట్రైటిస్ తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అది సాధారణంగా చిన్నతనంలోనే సోకుతుంది, మన దేశంలో చాలామందిలో ఉంటుంది, ఎక్కువమందికి ఏ బాధా పెట్టదు. కాని కొందరిలో పుండ్లకూ, బహు కొద్దిమందిలో కడుపు క్యాన్సరుకూ దారితీస్తుంది కనుక, పరీక్షలో కనబడితే నిర్మూలించవలసిందే.

రెండవ కారణం దగ్గరికి వస్తే, ఇంటరు నుంచీ నిన్ను వేధిస్తున్న ఆ ఒంటితలనొప్పికి ఇప్పుడు ఏ మాత్ర వేసుకుంటున్నావు? వారంలో ఎన్నిసార్లు? ఖాళీ కడుపుతోనా? డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ ఆమ్లం, ఇవన్నీ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల ఉత్పత్తిని అణచివేసి నొప్పి తగ్గిస్తాయి. కడుపు గోడకు రక్తాన్నీ జిగురునూ అందించేవి కూడా అవే పదార్థాలు. తిన్న తరువాత వేసుకున్నా ఈ హాని పూర్తిగా తప్పదు, ఎందుకంటే మందు రక్తంలో కలిసిన తరువాత కూడా ఆ పని చేస్తుంది. ఉదయం తలనొప్పికి ఒకటి, దానివల్ల వచ్చిన మంటకు సాయంత్రం ఇంకొకటి వేసుకుంటూ ఉంటే, రెండు మాత్రల అమ్మకమూ సాగుతుంది, జబ్బూ సాగుతుంది.

నారాయణ మామయ్య సంగతి నీకు సగమే తెలుసు. ఆయనకు కడుపులో మంట అంటే, ఆ కాలనీలో వైద్యుడు కానివాడు లేకపోయాడు. ఒకరు చల్లటి పాలు త్రాగమన్నారు, త్రాగినప్పుడు హాయిగా ఉండేది, కాసేపటికి మళ్లీ ఆమ్లం ఊరి మంట మొదటికి వచ్చేది. ఒకరు సోడా అన్నారు, ఒకరు జీలకర్ర కషాయం అన్నారు, ఆయన తోడల్లుడు ఈనో డబ్బా బహుమతిగా ఇచ్చాడు. జేబులో జెలుసిల్ లేకుండా ఆయన గుడికి కూడా వెళ్లేవాడు కాదు. వీటన్నిటి మధ్యా మోకాళ్ల నొప్పికి రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకునేవాడు, దానిని ఎవ్వరికీ చెప్పలేదు, ఎందుకంటే కడుపు గురించి అడిగినవారు మోకాలి గురించి అడగలేదు. ఒక ఎండాకాలం ఆయన ముఖం సున్నం కొట్టినట్లు తెల్లబడింది. మెట్లెక్కితే ఆయాసం. అత్తయ్య రక్తం తగ్గిందని ఐరన్ టానిక్కు పట్టించింది. విరేచనం తారులా నల్లగా, జిగటగా అవుతోందని ఆయన గమనించాడు గాని, టానిక్కు వల్లనే అనుకుని ఊరుకున్నాడు. ఐరన్ వల్ల మలం నల్లబడే మాట నిజమే, అందుకే అది ఆయనను అంత సులువుగా మోసగించింది. చిక్కడపల్లి మార్కెట్లో వంకాయలు ఏరుతూ ఏరుతూ కూలబడ్డాడు. ఆసుపత్రిలో చూస్తే హిమోగ్లోబిన్ 6. అంత రక్తం పోయాక కూడా ఎండోస్కోపీ గొట్టం మింగనని గంటసేపు వాదించి, చివరకు గొంతులో మత్తు స్ప్రే కొట్టించుకుని, పది నిమిషాల్లో బయటికి వచ్చి, “ఇంతేనా” అన్నాడు. లోపల రక్తం కారుతున్న పుండు ఉంది, తీసిన ముక్కలో ఆ సూక్ష్మజీవి కూడా ఉంది. మోకాలి మాత్ర మాన్పించారు, ఆమ్లం తగ్గించే మందుతో పాటు యాంటీబయాటిక్కులు పధ్నాలుగు రోజులు వాడించారు. అయిదవ రోజున నోరు చేదుగా ఉందని మానేయబోతే, నేను రోజూ ఫోను చేసి మింగించాను, మధ్యలో ఆపితే మొండిదైన జీవి మిగిలిపోతుంది కనుక. కోర్సు ముగిసి నెల దాటిన తరువాత ఊదిన గాలిలో ఆ సూక్ష్మజీవి జాడ పట్టే శ్వాస పరీక్ష చేసి, అది పూర్తిగా పోయిందని నిర్ధారించారు. ఇప్పుడు ఆయన గోంగూర పచ్చడి తింటూ నాకే ఆరోగ్య సూత్రాలు చెబుతున్నాడు.

నీకు అంత వచ్చిందని నేను అనడం లేదు. కాని తల్లీ, సిగ్గుపడకుండా ఇవి చెప్పు. మలం నల్లగా ఉంటోందా? ప్రయత్నించకుండానే బరువు తగ్గావా? స్వాతి నువ్వు చిక్కావంది, అమ్మాయిలు దానిని పొగడ్తగా అంటారని తెలుసు, అయినా అడుగుతున్నాను. మింగుతుంటే ముద్ద అడ్డుపడుతోందా? వాంతులు ఆగకుండా అవుతున్నాయా? నెత్తురు గాని, కాఫీ పొడి లాంటి నలుసులు గాని పడ్డాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎండోస్కోపీకి ఆలస్యం చేయకూడదు. నెత్తురు పడినా, మలం తారులా నల్లబడినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి, రాత్రి రెండైనా నాకు ఫోను చేయాలి. ఏవీ లేకపోతే, నీ వయసులో డాక్టరు ముందుగా ఆ సూక్ష్మజీవి కోసం శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో సరిపెట్టవచ్చు. రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష మాత్రం ఎవరైనా చౌకగా చేస్తామన్నా వద్దను, పాత ఇన్ఫెక్షనుకూ ఇప్పటిదానికీ అది తేడా చెప్పలేదు.

ఇక నీ సంచిలోని మాత్ర. స్వాతి చెప్పిన పసుపు రంగును బట్టి ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ అని నా అనుమానం. అది మంచి మందే, నా చేతులతో లెక్కలేనన్ని ఇచ్చాను. కాని దానిని ఉదయం తినడానికి అరగంట ముందు వేసుకోవాలి, పెళ్లిలో విస్తరి దగ్గర నుంచి లేచి వేసుకుంటే సగం ఫలితమే. సంవత్సరాల తరబడి అజమాయిషీ లేకుండా వాడితే బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది, అది లోపల ఉండగా శ్వాస పరీక్ష గాని, మల పరీక్ష గాని చేయిస్తే, ఆ సూక్ష్మజీవి అణగిపోయి ఉండి, లేదన్న తప్పుడు ఫలితం రావచ్చు. అందుకని పరీక్షకు రెండు వారాల ముందు ఈ మందును, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్కులను ఆపమంటారు. దానిని కూడా నీ అంతట నువ్వు ఆపవద్దు, డాక్టరును అడిగి ఆపు. ఆపిన మొదటి రోజుల్లో మంట ఎక్కువైతే మధ్యలో ఏమి వాడవచ్చో ముందే చెప్పించుకో. ఆ పాత రానిటిడిన్ మాత్రలు ఇంకా నీ డబ్బాలో ఉంటే పారవేయి, 2022లో దానిని మన దేశపు అత్యావశ్యక మందుల జాబితా నుంచి తీసివేశారు.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే కూర్చున్నాను, మీ అమ్మ వెనుక నుంచి చదివి “ఇంకా కౌంటరు దిగలేదా” అంటోంది. రాత్రి పదకొండు గంటలకు తెప్పించుకునే బిర్యానీ గురించి ఒక్క మాట కూడా అనలేదని గమనించు. తిన్న వెంటనే పడుకోకు, ఉదయం ఇరానీ చాయ్‌తో సరిపెట్టి మధ్యాహ్నం వరకు ఉండకు, అంతే.

చేయవలసినది ఇది. వేసుకున్న మందులన్నీ, తలనొప్పివి కూడా, పేర్లతో ఒక కాగితం మీద వ్రాయి. బాధ ఎప్పుడు మొదలవుతుంది, తింటే తగ్గుతుందా పెరుగుతుందా, రాత్రి నిద్రలేపుతుందా అన్నది కూడా వ్రాయి. విద్యానగర్‌లో నాకు తెలిసిన జీర్ణకోశ వైద్యుడి దగ్గర శనివారం ఉదయానికి పేరు వ్రాయించాను. నువ్వు రాయదుర్గంలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో మారి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో దిగితే, స్కూటరు మీద నేను వచ్చి తీసుకువెళ్తాను. ఎండోస్కోపీ అంటే అది మరో రోజున ఉంటుంది. ముందు రోజు రాత్రి తేలికగా తిని, ఉదయం ఏమీ తినకుండా వెళ్లాలి. మత్తు ఇస్తే ఆ రోజు నిన్ను ఒంటరిగా పంపరు కనుక, ఆఫీసుకు సెలవు పెట్టి మన ఇంట్లోనే ఉండు.

ఈ ఉత్తరం అందగానే ఆ స్ట్రిప్పుకు ఫోటో తీసి, పేరు, మిల్లీగ్రాములు కనబడేలా నాకు వాట్సాప్‌లో పెట్టు. తలనొప్పి మాత్రది కూడా.

ఇట్లు,
నాన్న

మీ అమ్మ అడగమంది: శనివారం మధ్యాహ్నానికి బీరకాయ పప్పా, పొట్లకాయ పెరుగు పచ్చడా?