తాళ సంకేతాలకు తాళం వేయడం లేదు

ఆర్కెస్ట్రాల్లో, భజన మందిరాల్లో, చర్చిల్లో మా రిథమ్ ప్యాడ్లు వాడుతున్న వాద్యకారులకు నమస్కారం.

ప్యాడ్‌లో తాళం మార్చేందుకు ఉగాదికి అందిస్తామన్న పెడల్ పెట్టెలు మీకు ఇంకా చేరలేదు; కారణం చెప్పకుండా మరో గడువు అడగడం మర్యాద కాదు. మాకు సర్క్యూట్ బోర్డులు తయారుచేసి ఇచ్చే సరఫరాదారు మా ఆర్డరును పక్కన పెట్టి, అదే బోర్డుతో సొంత పెట్టెను తక్కువ ధరకు అమ్మకానికి పెట్టాడు. అది మీ ప్యాడ్లతో చక్కగా పనిచేస్తుంది. ఎందుకంటే ఆదితాళం నుంచి రూపకానికి మారమని పెట్టె ప్యాడ్‌కు పంపే సంకేతాల పట్టికను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని నేనే రాసి ఇచ్చాను. బోర్డు డిజైన్‌ను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆరేళ్లు మా ఇంట్లో కాఫీ తాగినవాడికి ఆ తేడా తెలియదనుకోను.

కొత్త పెట్టెల్లో సంకేతాలను మార్చి రహస్యంగా ఉంచమని మా తమ్ముడూ, మీలో కొందరూ సలహా ఇచ్చారు. మార్చిన ప్రోగ్రామును సిద్ధం చేసుకుని కూడా, రెండు నెలలు దాన్ని బయటపెట్టనూ లేక, చెరిపేయనూ లేక సతమతమయ్యాను. వేర్వేరు కంపెనీల ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి సంకేత భాష, మనందరికీ అన్నం పెడుతున్న మిడి కూడా ఇలా ఉచితంగా వదిలినదే. సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అధినేత డేవ్ స్మిత్, రోలాండ్ స్థాపకుడు కకెహాషి, మరికొన్ని జపాన్ కంపెనీలు కలిసి దానిని రూపొందించగా, 1983లో స్మిత్ కీబోర్డు ప్రాఫెట్-600, రోలాండ్ కీబోర్డు జూపిటర్-6 ఒకే తీగతో కలిసి పలికాయి. అదే ఏడాది మిడితోనే వచ్చిన యమహా కీబోర్డు డీఎక్స్7 విపరీతంగా అమ్ముడుపోయింది. 1987లో స్మిత్ కంపెనీ యమహా చేతికే వెళ్లింది. మిడి వల్లే మునిగిందని అనను గానీ, మిడి దానిని కాపాడలేకపోయింది. సీక్వెన్షియల్ అనే పేరును తిరిగి స్మిత్‌కు ఇవ్వడానికి యమహాకు 2015 దాకా పట్టింది. అంతకాలం ఎదురుచూసే వయసు నాకు లేదు.

అయినా ఆ ప్రోగ్రామును చెరిపేశాను. సంకేతాలు మారిస్తే మీ దగ్గరున్న మా పాత ప్యాడ్లు మా కొత్త పెట్టె మాట వినవు, అతని పెట్టె మాటే వింటాయి. ఆ అవమానం నాకు అక్కరలేదు.

బోర్డులు ఇప్పుడు హైదరాబాదులో మరొకరి దగ్గర చేయిస్తున్నాం. ధర 400 రూపాయలు పెరుగుతుంది. ముందుగా డబ్బు కట్టినవారికి పాత ధరే వర్తిస్తుంది, వద్దనుకున్నవారికి మొత్తం తిరిగి ఇస్తాం. ఇక అతని పెట్టెను మరమ్మతుకు మా దుకాణానికి తెస్తే, లోపం ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను, కానీ చెప్పను.