నానోమీటరును పిల్లల చేతే కొలిపించండి

సంపాదకులకు నమస్కారం.

అమరావతిలో క్వాంటమ్ కంప్యూటర్ల కోసం తలపెట్టిన క్వాంటమ్ వ్యాలీ వార్తలు మొదలైనప్పటి నుంచి నానో, క్వాంటమ్ అన్న మాటలు బడి పిల్లల దాకా వచ్చేశాయి. రావలసినవే. కానీ చాలాచోట్ల వాటిని చెబుతున్న తీరు చూస్తే దిగులేస్తోంది. ప్రొజెక్టర్ మీద స్లైడ్లు, పదార్థాన్ని పరమాణువుల స్థాయిలో మలచవచ్చంటూ భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ 1959లో చేసిన ప్రసంగం, క్వాంటమ్ డాట్స్ అనే నానో రేణువులకు 2023లో వచ్చిన నోబెల్, ఆఖరున ఒక క్విజ్. మీటరులో వంద కోట్లో వంతు నానోమీటరు అని ఏడో తరగతి పిల్లలు గడగడా అప్పజెబుతారు. అంత చిన్నదాన్ని ఎలా కొలుస్తారమ్మా అంటే నోరు పెగలదు. పిల్లలకు మొదట అందాల్సింది ఆ కొలతే. స్కేలు, సిరంజి, పాత సీడీ, నాలుగు ఎల్‌ఈడీల వంటి కొద్దిపాటి సామాను ఉంటే చాలు. ఏ బడిలోనైనా వెంటనే మొదలుపెట్టుకునేలా వివరంగా రాస్తున్నాం.

ఎనిమిదో తరగతి లెక్కల్లో రుణ ఘాతాంకాలు వస్తాయి. ఆ పాఠం అవగానే నూనె పొర ప్రయోగం పెట్టవచ్చు. లేబొరేటరీ రసాయనాలు అమ్మే దుకాణంలో ఒలీయిక్ ఆమ్లం (వంట నూనెల్లో ఉండే కొవ్వు ఆమ్లం) చిన్న సీసా కొనాలి. 1 మి.లీ. ఆమ్లానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చేర్చి మొత్తం 20 మి.లీ. చెయ్యాలి. అందులోంచి 1 మి.లీ. తీసి మళ్లీ ఆల్కహాల్‌తో 20 మి.లీ. చెయ్యాలి. ఇప్పుడు ద్రావణంలో ఆమ్లం 400లో 1 వంతు. సిరంజితో ఒక్కొక్క చుక్కా వదులుతూ 1 మి.లీ.కి ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టాలి. 50 పడితే చుక్క 0.02 మి.లీ., అందులోని ఆమ్లం 0.00005 మి.లీ. ఈ లెక్క టీచరు బోర్డు మీద వేసేయకూడదు, పిల్లలే వెయ్యాలి.

అడుగున్నర వెడల్పున్న స్టీలు పళ్లెంలో రెండు సెంటీమీటర్ల లోతున నీళ్లు పోసి, అలలు ఆగాక, పల్చటి గుడ్డలో కట్టిన టాల్కం పౌడరును పైనుంచి తట్టి సన్నగా రాలనివ్వాలి. ముందు ఉత్త ఆల్కహాల్ చుక్క ఒకటి వెయ్యాలి. పౌడరు విచ్చుకుని మళ్లీ దగ్గరికి వచ్చేస్తుంది. ఆ తర్వాత ద్రావణం చుక్క. ఈసారి విచ్చుకున్న గుండ్రం కొంచెం కుంచించుకుని అలాగే నిలబడిపోతుంది. ఆ నిలబడ్డ గుండ్రాన్నే మూడు నాలుగు వైపులా కొలిచి సగటు తీసుకోవాలి. వ్యాసం 18 సెం.మీ. అయితే వైశాల్యం 254 చదరపు సెం.మీ. ఆమ్లం ఘనపరిమాణాన్ని దాంతో భాగిస్తే మందం 0.0000002 సెం.మీ., అంటే 2 నానోమీటర్లు. ఒక్క అణువు పొడవు అంత.

అది ఒక్క అణువు మందమేనని నమ్మేదెలా? తెలివైన పిల్ల ఈ ప్రశ్న తప్పక అడుగుతుంది. అడగకపోతే టీచరే అడగాలి. శుభ్రంగా సిద్ధం చేసిన మరో పళ్లెంలో రెండు చుక్కలు వేసి చూడాలి. వైశాల్యం రెట్టింపైతే మందం మారలేదన్నమాట, ఆమ్లం అంతకన్నా పల్చబడలేక అక్కడ ఆగుతోంది. జర్మనీలో ఏగ్నెస్ పాకెల్స్ అనే ఆమె ఏ యూనివర్సిటీలోనూ చదవకుండా తన ఇంట్లోనే నీటి ఉపరితలం మీద ఇలాంటి కొలతలు చేసింది. 1891లో అవి ‘నేచర్’ పత్రికలో అచ్చయ్యాయి. ఆడపిల్లలకు ఆమె పేరు చెప్పండి.

ఈ ప్రయోగం ఎక్కువగా చెడేది పళ్లెం దగ్గరే. అంట్లు తోమిన సబ్బు జాడ ఉన్నా, నీళ్లలో వేలు పెట్టినా అప్పటికే ఒక పొర ఉన్నట్టు. ఇక చుక్క వేస్తే పౌడరు రెండు సెంటీమీటర్లు జరిగి ఆగిపోతుంది. పళ్లేన్ని వేడినీళ్లతో బాగా కడిగి, ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవాలి. బోరు నీళ్లలోని కాల్షియం ఆమ్లంతో కలిసి పొర స్వభావాన్నే మార్చేస్తుంది, తాగే క్యాన్ నీళ్లు మేలు. మన విశాఖ సముద్రపు గాలికి పౌడరు ఉండలు కడుతుంది కాబట్టి ముందు ఎండలో పెట్టాలి. సువాసన ఎక్కువగా ఉన్న పౌడర్లు వద్దు, అందులోని నూనెలు అడ్డొస్తాయి. ఫ్యాన్లు ఆపాలి. ద్రావణం సీసాకు మూత వదులైతే ఆల్కహాల్ ఆవిరై గాఢత పెరిగిపోతుంది. మందం 5, 6 నానోమీటర్లని వస్తే అనుమానించాల్సింది పళ్లేన్ని. ఒకటి కంటే బాగా తక్కువ వస్తే సీసా మూతను చూడాలి. గదిలో ఎక్కడా మంట ఉండకూడదు.

అంత చిన్నగా అయితే పదార్థానికి ఒరిగేదేమిటన్న ప్రశ్నకు ఆరు, ఏడు తరగతుల్లోనే జవాబు మొదలుపెట్టవచ్చు. 1 సెం.మీ. ఘనాన్ని 1 నానోమీటరు ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 6 చ.సెం.మీ. నుంచి 6,000 చదరపు మీటర్లకు, దాదాపు ఎకరంన్నరకు పెరుగుతుంది. కోడిగుడ్డు పెంకు ముక్కను ఒక గ్లాసు వెనిగర్‌లో, అంతే బరువున్న పెంకు పొడిని ఇంకో గ్లాసులో వేస్తే పొడి త్వరగా నురగలెత్తుతుంది, తేడా కళ్లకు కడుతుంది. బ్లాక్‌బోర్డు సుద్దముక్కతో చేస్తే చాలావాటికి నురగ రాదు, అది జిప్సం. ఇక్కడ ఒక హెచ్చరిక: నానో పదార్థాల పొడి పొట్లాలు కొని తరగతిలో విప్పవద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల లోలోపలికి పోతుంది.

తొమ్మిదో తరగతికి సీడీ మీది సన్నటి గాడుల మధ్య ఎడం కొలవడం. అట్టకు రంధ్రం చేసి, ఎర్ర లేజర్ కాంతి అందులోంచి వెళ్లి 30 సెం.మీ. దూరంలో నిలబెట్టిన సీడీ మెరిసే వైపున, మధ్య రంధ్రానికి సరిగ్గా పక్కన పడేలా చూడాలి. తిరిగివచ్చిన కాంతి అట్ట రంధ్రం మీదే పడాలి. లేకుంటే గాడుల వల్ల అట్ట మీద రెండు పక్కలా పడే కాంతి చుక్కలు సమాన దూరంలో ఉండవు, లెక్క తప్పుతుంది. పక్క చుక్క అట్ట రంధ్రానికి 13.3 సెం.మీ. దూరాన వస్తే, పైథాగరస్ ప్రకారం కర్ణం 32.8. చుక్క దూరాన్ని కర్ణంతో భాగిస్తే 0.405. లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లను దీంతో భాగిస్తే 1,600 వస్తుంది. సీడీ మీది గాడుల మధ్య ఎడం అదే. డీవీడీలో ఆ ఎడం 740. అక్కడ 30 సెం.మీ. దూరం ఉంచితే చుక్క అట్ట దాటి 55 సెం.మీ. అవతల పడుతుంది, చాలామంది ‘రాలేదు’ అని వదిలేసేది ఇక్కడే. 10 సెం.మీ.కి దగ్గరగా జరిపితే 18 దగ్గర దొరుకుతుంది. 1 మిల్లీవాట్ లోపు ఎర్ర లేజరే వాడాలి. చవక ఆకుపచ్చ లేజర్లలో కొన్నిటి నుంచి కంటికి కనిపించని పరారుణ కాంతి కూడా వస్తుంది, వాటిని బడికి తేనివ్వకండి.

పదో తరగతిలో ఓం నియమం అయ్యాక ప్లాంక్ స్థిరాంకం, అంటే కాంతి కణం శక్తిని దాని పౌనఃపున్యంతో భాగిస్తే వచ్చే, క్వాంటమ్ శాస్త్రానికి మూలమైన సంఖ్య. 9 వోల్టుల బ్యాటరీ, 1 కిలోఓం పొటెన్షియోమీటరు, 470 ఓంల రెసిస్టరు, మల్టీమీటరు, పారదర్శకమైన తలలున్న ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలు కావాలి. చీకటి గదిలో ‘వెలిగిందా లేదా’ అని కంటితో చూడమని చాలా పుస్తకాలు చెబుతాయి. అది సరైన పద్ధతి కాదు. మన కన్ను ఆకుపచ్చను ముందే పట్టేస్తుంది, మిగతా రంగులకు ఆలస్యం చేస్తుంది. రెసిస్టరు కొనల మధ్య 47 మిల్లీవోల్టులు వచ్చేదాకా పొటెన్షియోమీటరును తిప్పితే అన్ని ఎల్‌ఈడీల్లోనూ 0.1 మిల్లీఆంపియరు పారుతుంది. అప్పుడు ఒక్క ఎల్‌ఈడీ కొనల మధ్యే వోల్టేజీ చదవాలి, రెసిస్టరును కలుపుకోకూడదు. ఎరుపుకు 1.7, నీలానికి 2.5 వోల్టుల దగ్గర వస్తుంది. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని ఈ వోల్టేజీతోనూ తరంగదైర్ఘ్యంతోనూ గుణించి కాంతి వేగంతో భాగించాలి. 470 నానోమీటర్ల నీలానికి 6.3×10⁻³⁴ వస్తుంది, అసలు విలువ 6.626×10⁻³⁴. ఎరుపుకు తేడా ఇంకా ఎక్కువ. ఎల్‌ఈడీ లోపలి వేడి వల్ల, తయారీ తీరు వల్ల ఇది ఉజ్జాయింపు మాత్రమేనని పిల్లలకు దాచకుండా చెప్పాలి. తెల్ల ఎల్‌ఈడీ పనికిరాదు. లోపల ఉన్నది నీలం చిప్పే, పైన పసుపు పూత. దీపావళి సీరియల్ సెట్లలో తెల్లదానికి రంగు తొడుగు వేసినవి ఉంటాయి, జాగ్రత్త.

సర్ సి.వి. రామన్ బాల్యం గడిచింది మా విశాఖపట్నంలోనే. ఆయన తండ్రి ఏవీఎన్ కాలేజీలో పాఠం చెప్పారు. సముద్రం ఎందుకు నీలమో తేల్చడానికి 1921లో ఓడ ప్రయాణంలో రామన్ వాడింది చేతిలో ఇమిడే నికోల్ పట్టకం, కాంతిని ధ్రువీకరించే చిన్న స్ఫటికం. ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు, ఆయన పటానికి దండ వేసే బడులు ఆ రోజైనా రెండు పీరియడ్లు కలిపి పిల్లలకు ఇవ్వాలి. 40 నిమిషాల్లో పళ్లెం కడగడమే అవుతుంది.

జిల్లా విద్యాశాఖనూ మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)నీ మేము కోరేది, పైన చెప్పిన సామాను ఒక పెట్టెలో సర్ది ప్రతి హైస్కూలుకూ ఇవ్వమని, భౌతికశాస్త్రం టీచర్ల శిక్షణలో ఒక పూట వాళ్లే చేసి చూసేలా కేటాయించమని. కేంద్ర ప్రభుత్వ పథకం కింద పిల్లలు పరికరాలు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడులకు ఎల్‌ఈడీ ప్రయోగానికి పెట్టె కూడా అక్కర్లేదు, ఎల్‌ఈడీలూ మల్టీమీటర్లూ బీరువాల్లో ఉన్నాయి, తాళం తీయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి బడులకు వచ్చి మాట్లాడే పరిశోధక విద్యార్థులు పెన్‌డ్రైవ్‌తో పాటు పళ్లెం, సిరంజి కూడా తెచ్చుకోవాలి. జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతలు నానో నమూనా ముందు ఆగినప్పుడు థర్మాకోల్ బంతుల రంగులు చూసి మార్కులు వేయకుండా, ఏం కొలిచారు, ఎన్నిసార్లు కొలిచారు, కొలతకూ కొలతకూ తేడా ఎంత వచ్చింది అని పిల్లల్ని అడగాలని మనవి.

ఇట్లు,
భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు కొందరు,
విశాఖపట్నం