సుబ్బులు పిన్ని మాట నేను నమ్మలేదు కానీ

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారికి బీపీ మాత్ర మార్చారు. మొన్న సుబ్బులు పిన్ని వచ్చి ఏదేదో చెప్పింది. దాని మాటలు నేను పట్టించుకోను కనుక అవేమిటో రాయడం లేదు.

నీ అలమర దులుపుతుంటే ఇటలీ రచయిత్రి నటాలియా గింజ్‌బుర్గ్ పుస్తకాలు దొరికాయి. ఇంగ్లీషులోనే తంటాలు పడి చదువుతున్నాను. 1916లో పలెర్మోలో పుట్టినా పెరిగింది మీ టూరిన్‌లోనేనట! తండ్రి జుసెప్పె లేవి పెద్ద ప్రొఫెసరు, ఆయన శిష్యుల్లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. కూతురేమో యూనివర్సిటీ చదువు పూర్తి చేయలేదు. అది చదివినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. సరే, ఎండలు కూడా ఎక్కువగానే ఉన్నాయిలే.

ఆవిడ పడ్డ కష్టాలు చూడు. భర్త లియోనె ఫాసిస్టులకు ఎదురు తిరిగాడని 1940లో పిత్సోలి అనే కొండపల్లెకు పంపేశారు. పిల్లల్ని తీసుకుని ఈవిడా వెళ్లింది. యూదులు సొంత పేరుతో పుస్తకం వేసుకోలేని రోజులు కనుక 1942లో మొదటి నవల మారుపేరుతో వేసుకుంది. మరుసటి ఏడు ముస్సోలినీ పడిపోగానే లియోనె రోముకు వెళ్లాడు. ఇంతలో జర్మన్లు పిత్సోలిలోకి దిగారు. ముగ్గురు పిల్లలతో ఒంటరి ఆడది, అందులోనూ యూదురాలు! అప్పుడు ఊళ్లో హోటలు నడిపే ఆవిడ ఏం చేసిందో తెలుసా? తన హోటల్లో దిగిన జర్మన్లతోనే, “ఈమె మా చుట్టం, నేపుల్స్‌లో బాంబులు పడి కాగితాలన్నీ పోయాయి, రోముకు చేర్చండి” అని చెప్పింది. వాళ్లు తమ లారీలోనే తీసుకెళ్లారు! ఇక గండం గడిచిందనుకుంది పాపం. మూడు వారాలైనా కాకముందే లియోనెను పట్టుకెళ్లారు. 1944 ఫిబ్రవరిలో జైల్లోనే పోయాడు.

ఆ హోటలావిడ లాంటి మనిషి అక్కడ నీకు ఒక్కరైనా ఉన్నారా? ఫోను ఎత్తకపోతే ఎవరిని అడగాలి నేను?

చదువు ఆపినా ఆవిడ ఖాళీగా కూర్చోలేదు, గమనించు. ఎయినౌది ప్రచురణ సంస్థలో పనిచేసింది, ఫ్రెంచి నవలాకారుడు ప్రూస్ట్‌ను అనువదించింది, 1963లో ఇటలీలో పేరున్న సాహిత్య బహుమతి స్ట్రేగా తెచ్చుకుంది. పిల్లలకు పొదుపు కాదు, ఉదారత నేర్పాలంటుంది. చెప్పడానికి బాగానే ఉంటుంది, అద్దె కట్టేది ఎవరు? నువ్వు మాత్రం లెక్క రాసుకో. చన్నీళ్లతో తలస్నానం చేయకు. రాత్రి అన్నం మానకు.

కొడుక్కి తల్లి ఉత్తరాలు రాసే నవల కూడా ఉంది, “కారో మికేలె”. దాని ముగింపు గురించి మాట్లాడను.

చదువు మానేసి ఏదో నవల రాస్తున్నావని అంటోంది మీ పిన్ని. నిజమైతే ముందు నాకు చెప్పు. నాన్నగారికి నేను చెబుతాను, నువ్వు చెప్పకు. ఆవకాయ పంపుతున్నాను, తడి చెంచా పెట్టకు.

అమ్మ